నిండుకున్న డబ్బా

సత్యవాణి నోట ‘లేదు’ అన్న మాట విన్నవాళ్లు ధవళేశ్వరంలో ఆ వీధి మొత్తం మీద ఎవరూ ఉండేవారు కాదు. ఇంట్లో ఉప్పుగల్లు ఒక్కటి మిగలకపోయినా “ఉప్పు నిండుకుంది” అనేది. కందిపప్పు డబ్బా బోర్లించి తడితే దుమ్ము తప్ప ఏమీ రాలకపోయినా “కందిపప్పు నిండుకుంది” అనేది. పుట్టింటివాళ్లది రావులపాలెంలో కిరాణా కొట్టు, మెట్టినింటివాళ్లది ధవళేశ్వరంలో కిరాణా కొట్టు. కొట్టున్న ఇంట్లో ఆడపిల్లకి అక్షరాలకంటే ముందు ఆ మాట నేర్పుతారు. ఐదేళ్లప్పుడు ఒకసారి “అమ్మా, బెల్లం లేదే” అని వీధిలోకి వినపడేలా అరిచినందుకు నాయనమ్మ మూతి మీద ఒక్కటిచ్చి, “తథాస్తు దేవతలు తిరుగుతుంటారే పిల్లా, లేదంటే లేకుండానే పోతుంది” అందట. ఆ దెబ్బ యాభై ఏళ్లు పనిచేసింది.

ఆమె భర్త నాగేశ్వరప్రసాద్ చదివిందీ అదే బడిలో. కొట్టుకొచ్చిన మనిషి అడిగిన సరుకు అయిపోయిందనుకోండి, “లేదండి” అనేవాడు కాదు. “నిండుకుందండి, ఎల్లుండి కనపడండి” అనేవాడు. మనిషి మంచివాడు, మాట మెత్తన. కాస్త తిండిపోతు. ఎవరైనా అలా అంటే నొచ్చుకునేవాడు కూడా కాదు, “నలభై ఏళ్లు ఊరందరికీ సరుకులు తూచినవాణ్ణి, నా వంతు నేను తినొద్దా” అనేవాడు.

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో దిబ్బరొట్టె. సత్యవాణి మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, బియ్యపు రవ్వా జీలకర్రా కలిపి, మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె పోసి పిండంతా ఒకేసారి వేసేది. కింద సన్నటి సెగ, పైన మూత మీద నిప్పులు. గ్యాస్ పొయ్యి వచ్చి పాతికేళ్లయినా, మూత మీద వేసే ఆ నిప్పుల కోసం పెరట్లో కొబ్బరి చిప్పలు కాల్చడం మానలేదు. ముప్పావుగంటకి వాసన వీధి చివరిదాకా పోయేది. అడుగున ఎర్రగా కాలిన పెచ్చు మొత్తం తనకే కావాలని నాగేశ్వరప్రసాద్ పేచీ పెట్టేవాడు. కొడుకు నిరంజన్‌దీ అదే పేచీ. ఆ పెచ్చు దగ్గర తప్ప తండ్రీకొడుకులు జన్మలో మాటామాటా అనుకున్నది లేదు.

అలాంటి మనిషికి, వినాయకచవితి వెళ్లిన వారానికి, కొట్లో తక్కెడ ముందు కూర్చుని ఉండగానే గుండెనొప్పి వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్లి స్టెంట్ వేయించారు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఉప్పు తగ్గించాలి, నూనె తగ్గించాలి, తెల్లన్నం తగ్గించాలి, కూరగాయలూ చిరుధాన్యాలూ పెంచాలి. డాక్టర్లకేం, కాగితం మీద నాలుగు గీతలు గీస్తారు. ఆ నాలుగు గీతల్నీ రోజుకి మూడు పూటలా వండి, తిననని మొండికేసేవాడి చేత తినిపించాల్సింది ఇంట్లో ఆడది.

ఇంకో సంగతి మాత్రం కాగితం మీద రాయకుండా నోటితో చెప్పాడు డాక్టరు. గులాబీ రంగు మాత్ర ఒకటి ఉంది, అది రక్తం గడ్డకట్టకుండా చూసేది, ఏడాదిపాటు ఒక్కరోజు కూడా ఆపకూడదు. సత్యవాణి ఆ మాటని కొంగున ముడేసుకుంది.

కొట్టు మూసేశారు. అప్పటిదాకా కొట్టు ఇంటికి ముందు గదిలోనే ఉండేది గనక వంటింట్లో ఏదైనా అడుగంటడం ఆలస్యం, ఆవిడ అక్కణ్ణుంచి ఒక కేక, ఆయన ఇక్కణ్ణుంచి ఒక పొట్లం. ఇప్పుడు ఆ ముందు గదిలో మంచం వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. తను యాభై ఏడేళ్ల వయసులో వంట మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. కొర్రలు ఎంతసేపు నానితే అన్నం పొడిపొడిగా వస్తుందో, ఉప్పు సగానికి కోసి నిమ్మరసం పిండితే నాలుకని ఎలా మాయచెయ్యొచ్చో, కంద బచ్చలికూరలో ఆవ కాస్త ఎక్కువ పడితే నూనె తక్కువైందన్న సంగతి ఎలా కప్పబడిపోతుందో, అన్నీ ఒక్కోటీ చేసి చూసి పట్టుకుంది.

“పిచ్చుకలకి వేసే గింజలు నాకు వండిపెడుతున్నావు సత్యా” అనేవాడు నాగేశ్వరప్రసాద్ కొర్రన్నం కలుపుకుంటూ.

“పిచ్చుకలకి గుండెజబ్బు రాదండి. తినండి” అనేది.

ఆ ఆడది ఒంటరిగా అంత పనీ చేసిందంటే అబద్ధం. పక్కన కోడలు వినీల ఉంది.

నిరంజన్ బ్యాంకులో పనిచేస్తాడు. ఆ ఏడు వేసవిలో విశాఖపట్నం నుంచి రాజమండ్రికి బదిలీ అయి భార్యని తీసుకుని సొంతింటికి వచ్చేశాడు. వినీల పుట్టి పెరిగింది భిలాయ్‌లో. తాతల కాలంలో వలసపోయి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అందులో సగం హిందీ, మిగతా సగంలో మళ్లీ సగం ఇంగ్లీషు. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం సత్యవాణి పెరట్లోంచి “అమ్మాయ్, దేవుడి దగ్గర దీపం కొండెక్కిందేమో చూడు” అని కేకేసింది. దీపం ఆరిపోయింది అనకూడదు కదా మరి. వినీల దేవుడి గదంతా వెతికి, స్టూలు వేసుకుని అటక మీదికి కూడా తొంగిచూసి వచ్చి, “ఎక్కడికీ ఎక్కలేదండి అత్తయ్యగారూ, ఉన్నచోటే ఉంది. కాకపోతే ఆరిపోయింది” అంది.

నాగేశ్వరప్రసాద్ వారంరోజులు నవ్వాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వినీల ఉడుక్కోలేదు, తనూ నవ్వి, “ఇలాంటి మాటలు ఇంకా ఎన్నున్నాయో ఒక పుస్తకంలో రాసివ్వండి అత్తయ్యగారూ, చదువుకుంటాను” అంది.

“వాడుతుంటే అవే వస్తాయిలే” అంది సత్యవాణి.

నిండుకోవడం కూడా అలాంటి మాటేనని ఆవిడకి తట్టనేలేదు. ఊపిరి తీసుకుంటున్నానన్న సంగతి మనిషికి తడుతుందా?

వినీల తనతోపాటు ఒక ఓవెన్ తెచ్చుకుంది. రాగిపిండితో బిస్కెట్లు, గోధుమపిండితో బ్రెడ్డు చేసేది. మొదట్లో సత్యవాణి ఆ పెట్టె వైపు అనుమానంగా చూసింది. ఒక ఆదివారం వినీల మినప్పిండిలో బియ్యపు రవ్వకి బదులు కొర్ర రవ్వ కలిపి, రెండే రెండు చెంచాల నూనె రాసిన గిన్నెలో వేసి ఓవెన్‌లో పెట్టింది. గంటకి తీసి చూస్తే అడుగునా పైనా కూడా ఎర్రటి పెచ్చు. సత్యవాణి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, ఇంకో ముక్క తుంచింది. అంతకుమించిన మెప్పు ఆ వంటింట్లో ఎవరికీ దొరకలేదు.

“ఈ రొట్టెదీ నాదీ ఒకటే బతుకమ్మా” అన్నాడు నాగేశ్వరప్రసాద్ కోడలితో. “కింద సెగ మీ అత్తయ్య, మీద సెగ డాక్టరు. మధ్యన ఉడుకుతున్నాను.”

ఆ నాలుగైదు నెలలు ఆ ఇల్లు బాగుంది. లంకనుంచి లోవలక్ష్మి గంప దించగానే అత్తాకోడళ్లు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆకుకూరలు ఏరుకునేవారు. లోవలక్ష్మిది బ్యారేజీకి అవతల బొబ్బర్లంక. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే మొదటి బస్సుకి కూరగాయల గంపతో వచ్చి, మొదటి బేరం సత్యవాణి చేత్తోనే చేయించుకునేది. “మీ చెయ్యి పడితే గంప గంటలో ఖాళీయండి, ఆయ్” అనేది. నాగేశ్వరప్రసాద్ తొమ్మిది కిలోలు తగ్గాడు. డాక్టరు కాగితాలు చూసి, “మీ ఆవిడకి దండం పెట్టండి” అన్నాడు.

మాత్రలన్నీ పాత స్వీట్ల స్టీలు డబ్బాలో ఉండేవి. ఉదయం టిఫిను పళ్లెం పక్కన చిన్న గిన్నెలో అన్నీ తీసి పెట్టేది సత్యవాణి. ఆయన గిన్నెలోకి చూసేవాడే కాదు. అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేసేవాడు. ఏదైనా షీటు అయిపోతే ఖాళీ షీటుని పారేయకుండా డబ్బాలోనే ఉంచేది, మందుల షాపులో చూపించి అలాంటివే తెప్పించడానికి.

మాఘమాసంలో అమలాపురం నుంచి ఫోన్ వచ్చింది. సత్యవాణి అక్క నాగరత్నం బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అవుతోంది, పత్యం వండిపెట్టే దిక్కు లేదు. సత్యవాణి రెండు చీరలు సంచిలో కుక్కుకుని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ కోడలికి అప్పగింతలు పెట్టింది. “పొద్దున్నపూట ఒక్కో షీటులోంచి ఒక్కోటి తీసి గిన్నెలో వెయ్యి. ఆయన్ని నమ్ముకోకు, చేతికివ్వాలి.”

“నేను చూసుకుంటానండి, మీరు నిశ్చింతగా వెళ్లండి” అంది వినీల.

రావులపాలెంలో బస్సు మారుతుండగా గుర్తొచ్చింది సత్యవాణికి. గులాబీ రంగు మాత్ర ఆ పొద్దున ఇచ్చిందే ఆఖరిది. అరటిగెలల లారీలు హారన్లు కొడుతుంటే ఒక చెవి మూసుకుని కోడలికి ఫోన్ చేసింది.

“అమ్మాయ్, మీ మావయ్యగారి గుండె మాత్రలు నిండుకున్నాయే. ఒకసారి డబ్బా చూడు.”

“చూస్తానండి అత్తయ్యగారూ.”

ఐదు నిమిషాల్లో వినీలే మళ్లీ చేసింది. “చూశానండి. మీరన్నట్టే ఉన్నాయి. మీరు బెంగపెట్టుకోకండి.”

సత్యవాణి మనసు కుదుటపడింది. చెప్పిన మాట చెప్పినట్టు పట్టుకునే పిల్ల, సాయంత్రానికల్లా తెప్పించేస్తుంది అనుకుని అమలాపురం బస్సెక్కింది.

అక్కడున్న ఆరు రోజులూ ఫోన్ చేసినప్పుడల్లా అడిగింది. “మాత్రలిచ్చావా?” “ఇచ్చానండి.” “ఏం తిన్నారు?” “జొన్నరొట్టె, పొట్లకాయ కూరండి.” ఏ ఒక్కరూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఏడో రోజు ఆదివారం. ఉదయం ఎనిమిదింటికి నాగేశ్వరప్రసాద్ కోడలు పెట్టిన రొట్టెలో పెచ్చు విరిచి, సగం కొడుకు పళ్లెంలో వేసి, ఇవాళ్టికి రాజీ అన్నాడు. రెండో ముక్క నోట్లో పెట్టుకోబోతూ పక్కకి ఒరిగిపోయాడు. రాజమండ్రి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది.

“మాత్రలేమైనా ఆపారా?” అని అడిగాడట డాక్టరు.

“లేదండి, మా ఆవిడే రోజూ దగ్గరుండి వేసింది” అన్నాడట నిరంజన్.

“అయితే మన చేతుల్లో ఏమీ లేదు” అన్నాడట.

ఆ మాటే కొడుకు వచ్చి తల్లికి చెప్పాడు. పది రోజులూ అందరూ అదే అన్నారు. అంత జాగ్రత్తగా చూసుకున్నావు, ఆయుష్షు అంతే రాసిపెట్టుంది, ఏం చేస్తావన్నారు. సత్యవాణికి ఆ మాట కాస్త ఊరటగానే ఉండేది. చెయ్యాల్సిందంతా చేశాం అనుకుంటే ఏడుపు కూడా ఒక దారిన పోతుంది.

కర్మకాండంతా అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన మందుల డబ్బా కళ్లపడకుండా తీసేద్దామని మూత తీసింది. పైన ఖాళీ షీటు ఉంది. గులాబీ మాత్రలది. తను పెట్టి వెళ్లినట్టే, తను మడిచిన మడతతోనే ఉంది. కిందంతా గాలించింది. బీపీవి ఉన్నాయి, షుగరువి ఉన్నాయి, గ్యాస్‌వి రెండు షీట్లు ఉన్నాయి. గులాబీ రంగువి ఒక్కటీ లేదు.

“అమ్మాయ్” అని పిలిచింది. “ఈ మాత్రలు... నేనక్కడికి వెళ్లాక తెచ్చారా?”

“ఎందుకండీ? మీరే ఫోన్ చేసి చెప్పారు కదా, మాత్రలు నిండుకున్నాయని. మూత తీసి చూస్తే నిజంగానే డబ్బా నిండా ఉన్నాయి. అన్నిట్లోంచీ ఒక్కోటి తీసి ఇచ్చాను” అంది వినీల. తర్వాత కాస్త బెదురుగా, “ఏమైందండి?” అంది.

సత్యవాణి ఖాళీ షీటుని గుప్పిట్లోకి తీసుకుంది. ఎదురుగా ఆ పిల్ల మొహం. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు, అయినా వాటిలో ఏ పాపమూ ఎరగని చూపు. ఆ చూపు ఇప్పుడు ఒక్క ముక్కతో ఆరిపోతుంది. నిండుకోవడమంటే ఏంటో చెబితే చాలు, జీవితాంతం ఆ పిల్ల ఇక ఒక్క ముద్ద కూడా నిబ్బరంగా మింగలేదు.

“ఏం లేదు తల్లీ. అన్నీ ఇచ్చావు. సరిగ్గానే ఇచ్చావు” అంది.

వినీల అవతలికి వెళ్లాక ఖాళీ షీటుని గుప్పిట్లో నలిపి పెరట్లో కాలవలోకి విసిరేసింది. అప్పుడు కూర్చుంది అరుగు మీద. ఆ మాత్ర వేసి ఉంటే ఆయన బతికేవాడా? ఏమో, డాక్టర్లే చెప్పలేరు. కానీ ‘లేవు’ అనాల్సిన చోట ‘లేవు’ అని ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు. నాయనమ్మ కొట్టిన దెబ్బ మూతి మీద మళ్లీ చురుక్కుమంది. నోరు చంపింది మొగుణ్ణి, తన నోరే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, లోపలున్న కోడలికి వినపడకుండా.

ఆ రోజునుంచి ఆమెకి బతుకులో ఒకటే పని మిగిలింది. ఆ మాట వినీల చెవిన పడకూడదు. పడినా అర్థం తెలియకూడదు.

ముందు తన నోరు మార్చుకుంది. “చింతపండు అయిపోయింది” అంది ఒకరోజు. మర్నాడు “నూనె లేదు” అంది. పక్కింటావిడ వింటూనే ఉలిక్కిపడి, “అదేంటి వదినా, నిండు ఇంట్లో లేదంటావేంటి!” అంది. మొగుడు పోయాక మనిషికి మంచీ చెడ్డా తెలియకుండా పోయిందని వీధిలో చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకుంది. తర్వాత అసలు ఆ అవసరమే రాకుండా చూసుకుంది. ఏ డబ్బా సగానికి దిగినా అంచులదాకా నింపేసేది. నిరంజన్ ఎలాగూ వంటింటి మొహం చూసే రకం కాదు. ఆ ఇంట్లో అన్నీ ఎప్పుడూ నిండుగానే ఉండేవి, ఒక్క ముందు గదిలో మంచం తప్ప.

ఇల్లు కాపలా కాయొచ్చు, వీధిని ఎవరు కాస్తారు? ఆషాఢంలో ఒక పొద్దున లోవలక్ష్మి గంప దించింది. వినీల గుమ్మంలోనే ఉంది. “తోటకూర ఇవ్వండి” అంది.

“అయ్యో, తోటకూర నిండుకుందండి...” అంటోంది లోవలక్ష్మి.

లోపలినుంచి సత్యవాణి ఒక్క ఉదుటున వచ్చింది. “పొద్దున్నే గుమ్మంలో ఆ దిక్కుమాలిన మాటలేంటి? గంపెత్తు! ఎత్తి అవతలికి నడు! రేపటినుంచి నా గడప తొక్కకు!”

ఇరవై ఏళ్లలో అమ్మగారు లోవలక్ష్మిని ‘ఏమే’ అని కూడా అనలేదు. “నేనేమన్నానండి అమ్మగారండి? అపశకునం మాట అనకూడదనే కదండీ...” అంటుండగానే సత్యవాణి తలుపు వేసేసింది. తలుపు వెనక నిలబడి, గంప ఎత్తేవాళ్లెవరూ లేక లోవలక్ష్మి తనే మోకాలి మీదికి లాక్కుని, మూలిగి, నెత్తికెత్తుకోవడం విన్నది. వెళ్లి చెయ్యి వెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. వెయ్యలేదు. పాపం, ఆ లోవలక్ష్మి చేసిన తప్పేంటి? ఏమీ లేదు. కోడలి కోసం ఆ తప్పు కూడా మూటగట్టుకుంది సత్యవాణి.

“ఏమైందండి అత్తయ్యగారూ, ఆవిడ మంచావిడ కదా?” అంది వినీల.

“తూకంలో మోసం చేస్తోంది” అంది. నలభై ఏళ్లు తక్కెడ పక్కన బతికిన మనిషి, ఇంకొకరి తూకం మీద అబద్ధం ఆడింది.

కార్తీకం వెళ్లాక వినీల మెల్లగా మాట తగ్గించింది. ఓవెన్ అటకెక్కింది. “పాడైందండి” అంది. సత్యవాణి బాగుచేయిద్దామంటే, “వద్దులెండి, ఎవరు తింటారు” అంది. ఆదివారాలు ఇడ్లీ ఉప్మాలతో గడిచిపోయేవి. కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది ఆ పిల్లకి. సత్యవాణికి మోకాళ్ల నొప్పుల మాత్ర ఇచ్చేటప్పుడు షీటు మీద పేరు చదివి, డాక్టరు చీటీతో పోల్చి, మళ్లీ చదివి అప్పుడు చేతిలో పెట్టేది. మంచి అలవాటే అనుకుంది సత్యవాణి. ఇంకేమీ అనుకోలేదు. దాచేవాళ్లకి తమ మూట మీదే చూపు ఉంటుంది, ఎదుటివాళ్ల చంకలో ఏముందో కనపడదు.

మళ్లీ మాఘం వచ్చింది. సంవత్సరీకం ఇంకా వారముందనగా సత్యవాణికి జ్వరం తగిలింది. ఐదు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి రేపే ఆబ్దికం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో కత్తిపీట ముందేసుకుని, అరటికాయలు లేతవో ముదురువో చూద్దామని ఒకటి తరిగింది. పెద్దల వంటకి ఉల్లి పనికిరాదు, మిరపకాయ పనికిరాదు, అల్లమూ మిరియాలతో నెగ్గుకురావాలి. మినప్పప్పుతో గారెలు మాత్రం ఉండి తీరాలి. వినీల సరుకులు చూసుకుంటూ ఒక్కో డబ్బా మూత తీస్తోంది. ఒక డబ్బా దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత దాన్ని తీసుకొచ్చి, అడుగు కనపడేలా అత్తగారి ముందు వంచి పట్టుకుంది.

“అత్తయ్యగారూ, మినప్పప్పు నిండుకుంది.”

డబ్బా అడుగున రెండు పప్పుబద్దలు అంటుకుని ఉన్నాయి, అంతే. మాట ఎక్కడ వాడాలో సరిగ్గా అక్కడే వాడింది, ఈ ఊళ్లో పుట్టిన పిల్లలాగే. సత్యవాణి తరిగిన అరటికాయ ముక్క నీళ్లలో వేయడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుంది. అది నల్లబడుతోంది.

“ఎవరు చెప్పారే?” అంది.

“లోవలక్ష్మిగారండి. కార్తీకమాసంలో బజారులో కనపడితే, ఎందుకు రావట్లేదని అడిగాను. నిండుకుందన్నందుకు అమ్మగారు తరిమేశారండి, అదేమన్నా బూతు మాటండీ అంది. నిండుకుంటే మంచిదే కదా అన్నాను. ఆవిడ నవ్వింది. నిండుకోవడమంటే అయిపోవడమండి అంది. కూరల సంచి అక్కడే వదిలేసి వచ్చేశానండి.”

“ఇన్నాళ్లూ తెలిసే ఉన్నావా?”

“మీరు నాకు తెలియకూడదని దాస్తున్నారు కదండీ. తెలిసిందంటే మీరింకా కుంగిపోతారని నేనూ దాచాను. ఓవెన్ పాడవలేదండి, నాకే ఆ వాసన పడట్లేదు. కానీ రేపు మావయ్యగారికి వండి వడ్డించాలి. చెప్పకుండా ఆ విస్తట్లో ఎలా వెయ్యను?” డబ్బా కింద పెట్టింది. “రోజూ నేనే ఇచ్చాను. ఆరు రోజులు, ఆ ఏడోరోజూ. నవ్వుతూ ఇచ్చాను అత్తయ్యగారూ. ఒకటి తక్కువ ఇచ్చాను.”

సత్యవాణి కత్తిపీట పక్కకి తోసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టింది. “నువ్వు కాదే తల్లీ. ‘లేవు’ అంటే రెండక్షరాలు. నా నోరు రాలేదు. ఆయన మాత్రలు లేవని నా నోటితో అంటే ఆయనకేమైనా అవుతుందేమోనని భయమేసింది. ఆ భయంతో చెడ్డమాట తప్పించి మంచిమాట అన్నాను. అదీ నేను చేసింది.”

వినీల అత్తగారి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఏడాదిగా వేరువేరుగా, ఒకరికి వినపడకుండా ఒకరు ఏడ్చిన ఇద్దరూ ఆ పూట కలిసి ఏడ్చారు. ఓదార్చుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నిరంజన్‌కి ఈ సంగతి చెప్పాలా వద్దా అని కూడా ఎవరూ అనలేదు. కొంతసేపటికి వినీల లేచి కళ్లు తుడుచుకుంది.

ముందు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. రేపటి ఏర్పాట్ల కోసం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు నిరంజన్. గుమ్మందాకా వచ్చి, చెప్పులేసుకుంటూ అక్కణ్ణుంచే కేకేశాడు.

“ఏంటమ్మా, డబ్బాలు తీస్తున్నట్టున్నారు, గారెలకి మినప్పప్పు నిండుకుందా? బజారుకే వెళ్తున్నాను.”

వంటింట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఔనంటే ఒక మాట, లేదంటే ఇంకో మాట. రెండింట్లో ఏదీ సత్యవాణికి నోరు దాటి రాలేదు.

“అమ్మా, నిన్నే!”

“రెండు కిలోలు తీసుకురా నాన్నా” అంది సత్యవాణి.

అతని బండి వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు. ఆ తర్వాత వినీల ఖాళీ డబ్బా కడిగి, నీళ్లు ఓడడానికి గట్టు మీద బోర్లించింది.